తప్పు బ్యాటరీదేనా?

డిసెంబరు నెల, తెల్లవారుజాము ఐదున్నర. ఇంద్రేశంలో మా వీధి మొగదల కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్లు మఫ్లర్లు చుట్టుకుని, చేతులు చంకల్లో దాచుకుని ఉన్నారు. నేను కారులో కూర్చుని తాళం తిప్పాను. డాష్‌బోర్డు మీది లైట్లు ఒక్క క్షణం వెలిగి, నూనె అయిపోయిన దీపంలా మసకబారాయి. బానెట్ కింద టకటకటక... అంతే. సెల్ఫ్ తీసుకోలేదు.

"బ్యాటరీ పోయింది" అన్నాడు అక్కడ నిలబడ్డ ఒకాయన. ఆయన పక్కనున్నాయనా అదే అన్నాడు. నిరుడు కూడా ఇదే మాట విని, మూడేళ్లు నిండని బ్యాటరీ తీసేసి కొత్తది వేయించాను. దాని వారంటీ కార్డు ఇంకా డాష్‌బోర్డు సొరుగులోనే ఉంది.

ఎనిమిది దాటాక ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వస్తూనే జేబులోంచి మల్టీమీటరు తీసి రెండు తీగలూ రెండు టెర్మినళ్లకు ఆనించాడు. 11.8 వోల్టులు. తను తెచ్చిన బ్యాటరీకి కేబుళ్లు తగిలించి బండి స్టార్టు చేశాడు. కాసేపయ్యాక కేబుళ్లు తీసేసి మళ్లీ కొలిచాడు. ఇంజను నడుస్తూనే ఉంది, మీటరు మాత్రం 12.1, 12.0, 11.9 అంటూ దిగిపోతోంది.

"బ్యాటరీకేం కాలే సార్. డైనమో ఛార్జింగ్ ఇస్తలేదు" అన్నాడు.

అరగంటలో దాన్ని విప్పి, వెనక మూత తీసి, లోపలి కార్బన్లు రెండూ నా అరచేతిలో పెట్టాడు. కొత్తవి వేలి గోరంత పొడవుంటాయట. నావి కందిగింజంత మిగిలాయి. ఆ రెండు ముక్కల ఖరీదు కొత్త బ్యాటరీ ఖరీదులో ఏ మూలకూ రాదు. అప్పుడు పట్టుకుంది నాకు అనుమానం: నిరుడు తీసేసిన బ్యాటరీ కూడా ఏ తప్పూ చేయలేదేమో!

ఇంకో సంగతి కూడా మనసులో మెదిలింది. ఛార్జింగ్ సరిగ్గా లేకపోతే డాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలగాలి కదా? నా బండిలో వారం రోజులుగా అది ఒక్కసారి కూడా వెలగలేదు. వెలగకపోతే మంచిదే అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే పొరపాటు ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ట్యాంకు, బోరు మోటారు

ఇంద్రేశం చుట్టుపక్కల వెంచర్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఈ వ్యవస్థ చెప్పడం తేలిక. ఇంటి మీద ట్యాంకు, పెరట్లో బోరు. ట్యాంకు అడుగంటితే ట్యాంకు మార్చం. మోటారు నడుస్తోందా, కరెంటు వస్తోందా, పైపు ఎక్కడైనా కారుతోందా అని చూస్తాం. కారులో బ్యాటరీ ట్యాంకు. ఇంజను పక్కన బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ బోరు మోటారు. అందులోనే ఉండే రెగ్యులేటర్, ట్యాంకు పొంగిపోకుండా ఆపే ఫ్లోటు వాల్వు. కానీ కారు దగ్గరికొచ్చేసరికి అందరం ముందు ట్యాంకునే మార్చేస్తాం.

నిజానికి బండి స్టార్టు చేయడానికి బ్యాటరీ ఖర్చు పెట్టేది చాలా తక్కువ. చిన్న కారు సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అంత కరెంటు ఇంట్లో ఏ తీగలో పారినా అది కాలిపోతుంది. కానీ లాగేది రెండు సెకన్లే. లెక్క వేస్తే 0.1 ఆంపియర్-గంట కూడా కాదు. 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో అది చెంబెడు నీళ్లు. ఇంజను అందుకున్నాక ఒకటి రెండు నిమిషాల్లో ఆల్టర్నేటర్ ఆ బాకీ తీర్చేస్తుంది. ఆ తర్వాత హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, పెట్రోలు పంపు, కంప్యూటరు, హారను అన్నీ నడిచేది ఆల్టర్నేటర్ మీదే. కార్బన్లు అరిగిన నా బండిలో అవన్నీ వారం రోజులుగా బ్యాటరీని పీల్చుకుంటూ నడిచాయి.

భెల్ వాళ్ల జనరేటరుకు చిన్న తమ్ముడు

పటాన్‌చెరు నుంచి హైదరాబాదు వైపు వెళ్తుంటే దారిలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వస్తుంది. విద్యుత్ కేంద్రాలకు కావలసిన టర్బైన్లు, జనరేటర్లు 1960ల నుంచి అక్కడ తయారవుతున్నాయి. వాటికీ, మన బానెట్ కింద కొబ్బరికాయంత ఉండే ఆల్టర్నేటర్‌కీ సూత్రం ఒక్కటే. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు: తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుంది.

ఆల్టర్నేటర్ మధ్యలో తిరిగే భాగం రోటరు. అది విద్యుదయస్కాంతం. తిరుగుతున్న వస్తువుకి కరెంటు అందించాలి కాబట్టి దాని ఇరుసు మీద రెండు రాగి వలయాలుంటాయి. వాటికి రాసుకుంటూ రెండు కార్బన్ ముక్కలుంటాయి. నా అరచేతిలోకి వచ్చినవి అవే. చుట్టూ కదలకుండా ఉండే స్టేటరులో మూడు తీగచుట్టలుంటాయి. మన ట్రాన్స్‌ఫార్మరులాగే ఇక్కడా త్రీ ఫేజు.

తేడా వేగంలో ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రంలోని పెద్ద జనరేటరు సాధారణంగా నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. అటూ ఇటూ అయితే దేశమంతా ఉన్న 50 హెర్ట్జ్‌ల లెక్క తప్పుతుంది. కారు ఇంజనుకి అలాంటి కట్టుబాటు లేదు. ముత్తంగి దగ్గర ట్రాఫిక్‌లో 800, ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక 3000. ఇంజను చుట్టు ఒక్కటికి ఆల్టర్నేటర్ రెండు మూడు చుట్లు తిరుగుతుంది. రోటరుకి పన్నెండు ధ్రువాలుంటే, అది నిమిషానికి 2000 చుట్లు తిరిగినప్పుడు 200 హెర్ట్జ్‌లు, 6000 తిరిగితే 600. ఇలా క్షణానికో రకంగా మారే ఏసీ కరెంటు బ్యాటరీకి పనికిరాదు. అందుకే స్టేటరు నుంచి వచ్చేదాన్ని ఆరు డయోడ్ల గుండా పంపుతారు. డయోడు ఒకవైపే తెరుచుకునే తలుపు. కరెంటు అటూ ఇటూ ఊగుతూ వచ్చినా, బయటికి ఒకే దిక్కుగా పోతుంది.

ఇక మిగిలింది వోల్టేజి. ఇంజను ఉరికితే వోల్టేజి ఇరవైకి, ముప్పైకి ఎగబాకకుండా ఎవరు ఆపాలి? ఆ పని రెగ్యులేటర్‌ది. మన మెకానిక్కులు కొందరు దాన్ని ఐసీ అంటారు, పాతవాళ్లు కటౌట్ అంటారు. అది బయటికొచ్చే 70 ఆంపియర్ల జోలికి పోదు. రోటరులోకి వెళ్లే నాలుగైదు ఆంపియర్లను సెకనుకి వందల సార్లు ఆపుతూ, వదులుతూ ఉంటుంది. అయస్కాంతం బలం తగ్గితే కరెంటు తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. మావటి చేతిలో అంకుశం ఎంత, ఏనుగు ఎంత!

ఈ కరెంటేమీ ఊరికే రాదు. 14 వోల్టుల దగ్గర 70 ఆంపియర్లంటే దాదాపు ఒక కిలోవాటు. ఆల్టర్నేటర్ సామర్థ్యం అరవై శాతం అనుకుంటే, ఇంజను దీనికోసం రెండు హార్స్‌పవర్ పైగా ఇచ్చుకోవాలి. ఇంటి బోరు మోటారంత బరువు ఒక రబ్బరు బెల్టు మీద పడుతుంది. వాన పడ్డ పొద్దున హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ వేసి స్టార్టు చేస్తే బానెట్ కింద కీచుమనేది ఆ బెల్టే. అది వదులైందనో, గట్టిపడి పగుళ్లు వచ్చాయనో చెబుతోందన్నమాట.

వెలగని దీపం

ఇప్పుడు ఎర్ర దీపం సంగతి. నా బండి పాతది కాబట్టి అందులో ఏర్పాటు సులువుగా అర్థమవుతుంది. దీపానికి ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస ఆల్టర్నేటర్ వైపు ఉంటుంది. తాళం తిప్పగానే, ఇంజను ఇంకా కదలకముందు, బ్యాటరీ నుంచి కరెంటు దీపం గుండా, కార్బన్ల గుండా రోటరులోకి వెళ్లి ఎర్త్ అవుతుంది. దీపం వెలుగుతుంది. రోటరులో మొదటి అయస్కాంతాన్ని పుట్టించేది కూడా ఆ కాస్త కరెంటే. ఇంజను అందుకున్నాక ఆల్టర్నేటర్ వైపు కూడా బ్యాటరీ అంత వోల్టేజి వస్తుంది. రెండు కొసలా సమానమైతే కరెంటు పారదు. దీపం ఆరిపోతుంది.

అంటే ఆ దీపం రెండు ప్రశ్నలకు జవాబిస్తుంది. ఇంజను నడుస్తుండగా వెలిగితే ఛార్జింగ్ లేదని అర్థం. తాళం తిప్పినప్పుడు వెలగకపోతే, దీపమైనా పోయి ఉండాలి, కార్బన్ల దగ్గర దారైనా తెగి ఉండాలి. నా కార్బన్లు వలయాలకు అందడం మానేసి వారమైంది. దారి తెగింది, దీపం వెలగలేదు. నేనది శుభసూచకమనుకున్నాను. కొత్త బండ్లలో ఈ దీపాన్ని రెగ్యులేటరో కంప్యూటరో నడుపుతుంది కాబట్టి లోపలి దారి వేరుగా ఉంటుంది. అయినా తాళం తిప్పగానే వెలిగి, స్టార్టవగానే ఆరాలన్న నియమం మారలేదు.

మూడు అంకెలు

బ్యాటరీ కొనే ముందు మూడు కొలతలు చూడాలి. మామూలు మల్టీమీటరు చాలు.

మొదటిది, రాత్రంతా కదలకుండా ఉన్న బండి మీద పొద్దున్నే తీసే కొలత. నిండిన బ్యాటరీ 12.6 చూపాలి. ఆరు గదులు, ఒక్కో గదికి 2.1 వోల్టులు. 12.4 ఉంటే ముప్పావు వంతు, 12.2 ఉంటే సగం, 12.0 ఉంటే పావు మిగిలినట్టు. అంకెలో తేడా చిన్నదే, అర్థంలో పెద్దది.

రెండోది, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని చెప్పి అదే సమయంలో చూసే కొలత. 9.6 కంటే కిందికి పడకూడదు. నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ కూడా ఏడుకో ఎనిమిదికో జారితే, దానికి దమ్ము అయిపోయిందని అర్థం. అప్పుడు మార్చాల్సిందే.

మూడోది, ఇంజను నడుస్తుండగా. 13.8కీ 14.4కీ మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, కాస్త రేసిచ్చినా ఆ గీటు దాటకూడదు. 13 లోపు ఉంటే ఆల్టర్నేటర్, బెల్టు, వైర్లు చూసుకోవాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే. అప్పుడు బ్యాటరీలో నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి. కొన్ని కొత్త మోడళ్లలో ఇంధనం ఆదా కోసం కంప్యూటరే కావాలని ఛార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటిలో ఒక్క కొలతతో తీర్పు చెప్పకూడదు.

మొదటి అంకె ట్యాంకులో ఎంతుందో చెబుతుంది, రెండోది ట్యాంకు గట్టిదనం చెబుతుంది, మూడోది మోటారు పని చెబుతుంది. నిరుడు నా బ్యాటరీ మార్చినవాళ్లు ఈ మూడింటిలో ఒక్కటీ చూడలేదు. చూడమని నేనూ అడగలేదు.

మే నెల చేసే పని

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన బ్యాటరీలో ఏముందో, నేటి కారు బ్యాటరీలోనూ అదే ఉంది: సీసం, సీసం డయాక్సైడు, పలుచని గంధకికామ్లం. కరెంటు ఇస్తున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా సీసం సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలుచబడుతుంది. ఛార్జింగ్ ఎక్కిస్తే ఇదంతా వెనక్కి నడుస్తుంది. అందుకే మూతలున్న బ్యాటరీలో హైడ్రోమీటరు ముంచి ఆమ్లం చిక్కదనం చూస్తారు. 1.265 దాకా ఉంటే నిండినట్టు, 1.19 దగ్గరుంటే సగం. బ్యాటరీని సగం ఛార్జింగ్‌తోనే వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టిపడి మళ్లీ కరగదు. ఎండిన అన్నం మెతుకు గిన్నెకి పట్టినట్టు పట్టేస్తుంది.

చలి రోజున బండి మొరాయిస్తుంది కాబట్టి చలి బ్యాటరీకి శత్రువనుకుంటాం. చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతల వార్తల్లో పటాన్‌చెరు పేరు తరచూ వింటాం కాబట్టి ఆ నమ్మకం మన దగ్గర మరీ గట్టిది. చలిలో ఆమ్లం మందకొడిగా పని చేస్తుంది, ఇంజనాయిలు చిక్కబడుతుంది, నిజమే. కానీ అసలు దెబ్బ తగిలేది వేసవిలో. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని ఒక మోటు లెక్క ఉంది. పలకల జల్లెడ తుప్పు పడుతుంది, నీళ్లు ఆవిరవుతాయి. బయట 42 డిగ్రీలుంటే బానెట్ కింద ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. మే నెల చేసిన హత్య డిసెంబరులో బయటపడుతుంది.

మన తెలుగు నేల మీద బ్యాటరీల పరిశ్రమకు పెద్ద చరిత్రే ఉంది. గల్లా రామచంద్ర నాయుడు అమెరికా నుంచి తిరిగొచ్చి 1985లో తిరుపతి దగ్గర అమర రాజా సంస్థను స్థాపించారు. అదే సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన చేసింది. విద్యుత్ కార్లు వచ్చినా చాలావాటిలో లైట్లకు, తాళాలకు, కంప్యూటర్లకు వేరే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. దానికి ఆల్టర్నేటర్ బదులు, పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టరు ఛార్జింగ్ ఇస్తుంది. ట్యాంకు చిన్నదైంది, మోటారు మారింది, లెక్క మాత్రం అదే.

నిలబడ్డ బండి కూడా తాగుతుంది

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి బండి స్టార్టు కాకపోవడం చాలామందికి అనుభవమే. ఆపిన బండిలో కూడా గడియారం, దొంగల అలారం, కంప్యూటరు జ్ఞాపకశక్తి కలిపి 30 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతాయి. రోజుకి 0.72 ఆంపియర్-గంట. నెలకి 21 దాటుతుంది. 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ. దీనికి తోడు వైరు కోసి అతికించిన డాష్‌క్యామో, జీపీఎస్సో అర ఆంపియరు లాగుతుంటే రోజుకి 12 ఆంపియర్-గంటలు. మూడో రోజుకి బండి మూగబోతుంది. డయోడు చెడిపోయినా ఇదే జరుగుతుంది: ఒకవైపే తెరుచుకోవాల్సిన తలుపు బార్లా తెరుచుకుని, బ్యాటరీలోని కరెంటు రాత్రంతా వెనక్కి కారిపోతుంది.

పది రోజులకు మించి బండి కదలదనుకుంటే నెగటివ్ టెర్మినల్ విప్పి పెట్టడం మంచిది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఎందుకంటే బండి బాడీ మొత్తం నెగటివే. పాజిటివ్ బోల్టు మీదున్న పానా బాడీకి తగిలితే మెరుపు లేస్తుంది. నెగటివ్ ముందే తీసేసి ఉంటే ఆ ప్రమాదమే ఉండదు.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసే పొడిని తినే సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వాసెలిన్ రాయాలి. మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన ప్రాంతపు బోరు నీళ్లలోని లవణాలు తెల్లటి మరకలై గిన్నెలకే పడతాయి, పలకల్ని వదులుతాయా? ఇంజను కడిగించేటప్పుడు ఆల్టర్నేటర్ మీదికి నీళ్ల పైపు పెట్టనివ్వకూడదు.

పాత పేరు, పాత పరీక్ష

మా ఎలక్ట్రీషియన్ దాన్ని డైనమో అన్నాడు. పుస్తకం ప్రకారం తప్పే. డైనమో వేరే యంత్రం. అంబాసిడర్ల కాలంలో ఉండేది. ఇంజను నెమ్మదిగా నడిస్తే దానికి కరెంటు పుట్టించడం చేతకాదు. అందుకే రాత్రి పూట సిగ్నల్ దగ్గర ఆగిన అంబాసిడర్ లైట్లు గుడ్డిగా కనిపించేవి. సిలికాన్ డయోడ్లు చవకయ్యాక, 1960లో అమెరికాలో క్రైస్లర్ వాలియంట్‌తో ఆల్టర్నేటర్ మామూలు కార్లలోకి రావడం మొదలైంది. యంత్రం మారింది, మన షెడ్లలో పేరు మిగిలింది. సెల్ఫ్ అన్న మాటా అలాంటిదే. హ్యాండిలు తిప్పకుండా తనంతట తాను స్టార్టయ్యే ఏర్పాటును చార్లెస్ కెటరింగ్ 1912 నాటి క్యాడిలాక్ కోసం తయారుచేశాడు. అప్పటి సెల్ఫ్ స్టార్టరే మన నోట సెల్ఫ్‌గా నిలిచింది.

పేరు పాతదైతే నష్టం లేదు. పరీక్ష పాతదైతే జేబుకి చిల్లు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, బండి ఆగకపోతే డైనమో బాగుందని తేల్చే అలవాటు డైనమోల కాలం నాటిది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అలా పీకితే, ఉరవడిని తట్టుకునే బ్యాటరీ లేక వోల్టేజి క్షణంలో పదుల్లోకి ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటరు, చివరికి ఇంజను కంప్యూటరు కూడా మాడిపోవచ్చు. ఎవరైనా బండి నడుస్తుండగా పానా పట్టుకుని టెర్మినల్ వైపు వస్తే చేయి అడ్డం పెట్టండి.

నిజంగానే బ్యాటరీ ఆయుష్షు తీరితే పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చేయాలి. బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి దానికి ధర కట్టి కొత్తదాని ఖరీదులో తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. పెరట్లో పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ, ఆ మట్టి ముందుగా దెబ్బతీసేది పిల్లల మెదళ్లను. పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు నీళ్లు ఎలా పాడయ్యాయో చూసిన మా ప్రాంతానికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

కార్బన్లు మార్చాక నా బండి మీటరు 14.2 చూపింది. ఆ బ్యాటరీనే బయట నెమ్మదిగా ఛార్జింగ్ పెట్టించి మళ్లీ బిగించాం. ఇప్పటికీ అదే నడుస్తోంది. మారిందల్లా నా అలవాటు. రోజూ తాళం తిప్పి ఒక్క క్షణం ఆగుతాను. ఎర్రదీపం వెలిగిందా? వెలిగింది. అప్పుడు సెల్ఫ్ కొడతాను. ఆరిందా? ఆరింది. ఇక గేరు వేస్తాను.